మందు కక్కించిన రోజు

లత బిడ్డను తొట్టెలలో వేసిన నాడు సహజ కళ్లారా చూసింది. అంతకుముందు వరకూ ఏదో ఉందన్న అనుమానమే.

లత సహజకు సొంత అక్క. బాన్సువాడలోనే ఓ చిన్న ఫంక్షన్ హాలు తీసుకుని దావత్ పెట్టారు. మటన్, బగారన్నం, పెరుగు చట్నీ. సహజ మొగుడు చరణ్ బంతిలో కూర్చుని తల ఎత్తకుండా తింటున్నాడు. వడ్డించేవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చినా వద్దనలేదు. పక్కవాళ్లు మాట్లాడిస్తే ఊఁ అంటున్నాడు గానీ చెయ్యి మాత్రం ఆగడం లేదు.

సహజ తల్లి దూరం నుంచి చూసి మురిసిపోయింది. "మస్తు తింటుండు గదనే అల్లుడు! మరి గట్లెందుకు ఎండిపోయిండు?"

ఆ మాట అత్త నర్సవ్వ చెవిన పడనే పడింది. "ఇంట్ల పెట్టేటోళ్లుంటే గద వదినె? కోడలు పొద్దుగాలనే బడికి పోతది. పొద్దుగాల వండిందే పొద్దుమీకి గూడ. పాపం, పిలగాడు దావత్ల తింటుండు కడుపునిండా."

పక్కనున్న ఆడవాళ్లు సహజ వైపు చూసి నవ్వారు. సహజ కూడా నవ్వింది. ఏం చెయ్యాలి మరి?

మళ్లీ బంతి వైపు చూసేసరికి చరణ్ కుర్చీ ఖాళీగా ఉంది.

హాలు వెనక వంటగిన్నెలు కడిగే చోటు. అది దాటితే ప్రహరీ మూల. చరణ్ అక్కడ ఒక చెయ్యి గోడకు ఆనించి, వంగి ఉన్నాడు. రెండో చేతి వేళ్లు నోట్లో ఉన్నాయి. మొదట సహజకు గాబరా వేసింది, తిన్నది పడలేదేమోనని. రెండడుగులు వేసి ఆగిపోయింది. ఒంట్లో బాగాలేని మనిషి కక్కుకునే తీరు కాదది. రోజూ చేసే పనిని తొందరగా ముగించుకుంటున్న మనిషి తీరు. అయిపోగానే నల్లా దగ్గర నోరు పుక్కిలించాడు, మొహం కడుక్కున్నాడు, జేబులోంచి సోంపు తీసి నోట్లో వేసుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

"మటన్ల నూనె ఎక్కువైంది. ఎసిడిటీ," అన్నాడు.

"బావా, నువ్వు నోట్ల ఏళ్లు పెట్టుకున్నవ్. నేను చూసిన."

"ఏం చూసినవ్? కడుపుల మంట లేస్తే గట్లనే తీసెయ్యాలె. పా, మీ అమ్మ ఎదురు చూస్తుంటది."

లోపలికి వెళ్లి లత బిడ్డను ఎత్తుకుని ఆడించాడు. అందరితో ఫొటోలు దిగాడు. ఆ ఫొటోల్లో అతని బుగ్గలు ఉబ్బి కనిపించాయి. చూసినవాళ్లు, జర ఒళ్లు చేసినట్టున్నడే అన్నారు. ఆ మాట విన్నాక రెండు రోజులు చరణ్ టీ తప్ప ఏమీ ముట్టలేదు.

చరణ్‌ది కష్టం చూసిన ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. నర్సవ్వ బీడీలు చేసి కొడుకును సాకింది. ఒడిలో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, నడుము పడిపోయేదాకా కూర్చునేది. తను జొన్న గట్క తాగినా కొడుక్కి మాత్రం వరన్నం, గుడ్డు. పిల్లాడు బొద్దుగా పెరిగితే నర్సవ్వకు అదే గొప్ప. మొగుడు లేకపోయినా కొడుకును ఎట్ల పెంచిందో చూడండని వాడి బుగ్గలే చెప్పేవి. గల్లీ పిల్లలు మాత్రం గుమ్మడికాయ అనేవాళ్లు. బడిలో ఉరుకుడు పందెం పెడితే, చరణ్ ఉరికితే చూడాలని పిల్లలంతా వరుసగా నిలబడేవాళ్లట. ఈ సంగతి పెళ్లైన కొత్తలో నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు గాని ఆ పూట అన్నం సగంలోనే లేచాడు.

డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. చరణ్ కాలువ గట్టు మీద ఉరకడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయ కరిగి తీగైంది. ఊళ్లో మొదటిసారి నలుగురూ మెచ్చుకున్నారు. పరుగులో పాసయ్యాడు, రాత పరీక్షలో పోయింది. ఉద్యోగం రాలేదు గాని ఉరుకుడు ఉండిపోయింది. ట్రాక్టర్ల షోరూంలో సేల్స్ పనికి కుదిరాడు. సహజకు వరుసకు బావే అవుతాడు కాబట్టి సంబంధం తేలిగ్గా కుదిరింది. పెళ్లిచూపుల్లో సహజ తల్లి అన్న మొదటి మాట, "పిలగాడు హీరో లెక్క ఉన్నడు".

మంచివాడు. పెళ్లైన మొదటి ఏడు సహజకు టైఫాయిడ్ వస్తే, షోరూంకు సెలవు పెట్టి జావ కాచి చెంచాతో తాగించాడు. ఒక్కో చెంచాకు ఊదుతూ, బతిమాలుతూ, "ఇంకొక్కటి, ఇది లాస్ట్" అంటూ. ఎదుటి మనిషికి అంత ఓపికగా తినిపించినవాడు తనకు తాను ఎందుకు తినిపించుకోలేడో సహజకు అర్థమయ్యేది కాదు.

తొట్టెల దావత్ తర్వాత ఇల్లంతా కొత్త కళ్లతో చూడటం మొదలైంది. స్నానాల గదిలో నల్లా ఎందుకు అంతసేపు పారుతుందో తెలిసింది. కుడిచేతి వేళ్ల కణుపుల మీద కాయల్లాంటి మచ్చలు ఎందుకున్నాయో తెలిసింది. చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని ఎందుకంటాడో తెలిసింది. షోరూం పక్కన టిఫిన్ బండి ఆమె ఒకసారి చెప్పింది, "మీ సారు సల్లగుండ, నలుగురు తినేది ఒక్కడే తింటడమ్మా" అని. ఇంటికొస్తే ఆకలి లేదంటాడు. ఈ రెండు మాటలూ నిజమేనని తెలిసింది.

తెలిసినంత మాత్రాన ఏం చెయ్యాలో తెలియలేదు.

మొదట బతిమాలింది. తన చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుంది. రెండు రోజులు బాగానే ఉన్నాడు, మూడో రోజు నల్లా పారింది. తర్వాత కొట్లాడింది. తర్వాత నూనె తగ్గించి, కారం తగ్గించి, అతనికి ఇష్టమైన జొన్నరొట్టె, పుంటికూర చేసింది. తిని "బాగుంది" అన్నాడు. బాగున్నది కూడా లోపల నిలవలేదు. ఆఖరికి స్నానాల గది గడియ పీకేసింది. ఆ రోజు చరణ్ అన్నం తిని బండి తీసుకుని బయటికి పోయాడు. చెరుకుతోటల వైపు వెళ్లి వచ్చినట్టు చెప్పులకున్న మట్టి చెప్పింది.

"ఇంట్ల కుదరకుంటె బయటకి పోతవా?" అంది.

"నువ్వు నా పెండ్లానివా, పోలీసువా?" అన్నాడు. మళ్లీ మెల్లగా అన్నాడు, "నన్ను జర వదిలెయ్ సహజా. గంతే అడుగుతున్న."

గడియ మళ్లీ బిగించింది. చెరుకుతోటలో పడిపోతే ఎవరు చూస్తారు? ఇంట్లోనైతే చప్పుడన్నా వినిపిస్తుంది.

ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ అన్నాడు, సూదులు రాశాడు. షుగర్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, అన్నీ బాగానే వచ్చాయి. డాక్టరు దగ్గర చరణ్ తన సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. సహజ చెప్పబోతే మోచేతితో పొడిచాడు. లతకు ఫోన్ చేసి చెప్పుకుంటే, "గదేం రోగమే? మొగోళ్లకు గసొంటివి ఉంటయా? మొబైల్ల చూసి డైటింగ్ చేస్తుండు గావచ్చు," అంది. ఇంకెవరికి చెప్పాలి? చెప్పుకుంటే మొగుడి పరువు, చెప్పకుంటే మొగుడి ప్రాణం. అట్లా మధ్యలో నలుగుతూ బడికి పోయి పిల్లలకు అక్షరాలు దిద్దించేది.

నర్సవ్వకు మాత్రం రోగం ఏమిటో తెలిసిపోయింది.

"నా కొడుక్కు ఎవరో మందు పెట్టిన్రు," అంది ఒకనాడు బీడీలు చుడుతూనే. "అన్నంల కలిపి పెట్టిన్రు. పేగులకు అంటుకున్నది. ఎంత తిన్నా ఒంటబడ్తలేదు."

ఎవరో అంది గాని చూపు కోడలి మీదే ఉంది. మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి ఆడవాళ్లు మందు పెడతారని నర్సవ్వ గట్టిగా నమ్మేది. సహజ తల్లిగారింటి నుంచి వచ్చిన పచ్చళ్లు, పిండివంటలు అన్నీ ఆమెకు అప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మంజీర నది అవతల ఒక ఊళ్లో మందు కక్కించే ముసలాయన ఉన్నాడట. ఆదివారం ఆటో మాట్లాడింది. సహజ వద్దని కాళ్లావేళ్లా పడింది. "నీకేం భయం? నువ్వు పెట్టలే గద?" అంది నర్సవ్వ. ఆ మాట తర్వాత సహజ వెళ్లకుండా ఉండలేకపోయింది. ఆశ్చర్యమేమిటంటే చరణ్ అడ్డం చెప్పలేదు. "అమ్మ తృప్తి కోసం పోయొద్దాం," అన్నాడు.

ముసలాయన ఇంటి ముందు వాకిట్లో అప్పటికే పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. తలకు పటకా చుట్టుకున్న ముసలాయన సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడాడు. చరణ్ చెయ్యి పట్టుకు చూశాడు, కంటి రెప్పలు పైకెత్తి చూశాడు, "ఉన్నది" అన్నాడు. ఏదో ఆకుపసరు ఇత్తడి చెంబు నిండా తాగించాడు. కడుపు నొక్కి, వీపు మీద చరిచి, గొంతులోకి కోడీక పెట్టాడు.

చరణ్ కక్కాడు. అందరి ముందు, పట్టపగలు, తల్లి వీపు నిమురుతుంటే కక్కాడు.

ముసలాయన పుల్లతో కెలికి నల్లటి పీచులాంటిదేదో పైకి తీసి చూపించాడు. "హే బఘా! గిదే మందు. ఇంటోళ్లే పెట్టిన్రు. ఇగ పోయింది."

నర్సవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టింది. వాకిట్లో ఉన్నవాళ్లంతా మెడలు సాచి, ముందు ఆ పీచు వైపు, తర్వాత సహజ వైపు చూశారు.

సహజ ఎవరినీ చూడలేదు. మొగుడి మొహాన్ని చూసింది. కళ్లలో నీళ్లు, మూతికి పసరు, చెంపల మీద చెమట. కాని ఆ మొహం హాయిగా ఉంది. బరువు దించుకున్న కూలివాడి మొహంలా ఉంది. రోజూ దొంగతనంగా చేసేదాన్ని ఈ రోజు తల్లే దగ్గరుండి చేయించింది.

"అత్తా," అంది. "మందు లేదు, గిందు లేదు. బావ రోజు చేసేది గిదే. తిని, ఏళ్లు పెట్టుకుని కక్కుకుంటడు. లత బిడ్డ తొట్టెలప్పుడు నేను నా కండ్లతోని చూసిన. అడుగు. ఆయన్నే అడుగు."

నర్సవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఏందిరా? గిదేమంటది?"

చరణ్ తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నాకేం తెల్వదమ్మా," అన్నాడు.

వచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు. మంజీర వంతెన మీద చరణ్ చెయ్యి వచ్చి సహజ చేతిని పట్టుకుంది, తల్లికి కనపడకుండా, కొంగు చాటున. గట్టిగా పట్టుకుంది. సహజ విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.

ఆ రోజు నుంచి వంటింట్లోకి సహజను రానివ్వలేదు నర్సవ్వ. తనే వండి, తనే వడ్డించి, కొడుకు తినేదాకా ఎదురుగా కూర్చునేది. ఎప్పుడూ నిండుగా పెట్టేది. చరణ్ తల్లి కోసం పళ్లెం ఊడ్చి తినేవాడు. తర్వాత నల్లా పారేది. మందు పోయింది కదా, ఇంకా ఎందుకు చిక్కిపోతున్నాడో నర్సవ్వకు తెలియలేదు. లత వచ్చి, "కొన్ని రోజులు మా ఇంటికి రా చెల్లె, నీ మొహం చూస్తేనే భయమైతుంది," అంది. సహజ సంచీ సర్దింది కూడా. చరణ్ గుమ్మం దగ్గర నిలబడి, "పో, రెస్ట్ తీస్కో," అన్నాడు. మెడ దగ్గర అంగీ వదులుగా వేలాడుతోంది. ఆ వదులును చూసి సంచీ మళ్లీ విప్పింది. ఉండి చేసిందేమీ లేదు. పోతే మాత్రం చూసేవాళ్లు కూడా ఉండరు.

నాట్లకు ముందు వర్ని దగ్గర ఒక ఊళ్లో రైతులకు కొత్త ట్రాక్టరు చూపించడానికి వెళ్లిన చరణ్, దాని మెట్టు మీంచి బురదలోకి పడిపోయాడు. షోరూంవాళ్లు బాన్సువాడ దవాఖానకు తెచ్చారు. సహజ బడి నుంచి ఉరికి వచ్చేసరికి సెలైన్ ఎక్కుతోంది. నర్సవ్వ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. చరణ్ చేతి కణుపులు చూసింది, నోరు తెరిపించి పళ్లు చూసింది.

"ఎన్ని రోజుల నుంచి కక్కుకుంటున్నరు?" అంది మామూలుగా.

చరణ్ కళ్లు మూసుకున్నాడు.

డాక్టరమ్మ సహజ వైపు చూసింది. ఈసారి సహజ ఎవరి మొహమూ చూడకుండా అంతా చెప్పింది. దావత్ సంగతి, నల్లా సంగతి, చెరుకుతోట సంగతి, మందు కక్కించిన సంగతి. చెప్తున్నంతసేపూ నర్సవ్వ కింద కూర్చునే వింది.

"ఇది రోగమే. మనసుకు సంబంధించింది. ఆడోళ్లకు వస్తది, మొగోళ్లకూ వస్తది," అంది డాక్టరమ్మ. "ఒంట్ల ఉప్పులు పడిపోయినయ్. గుండె మీదికి వస్తది, ఇట్లనే ఉంటే. నేను ఇప్పటికి నిలబెడ్త. అసలు వైద్యం నిజామాబాద్ల మానసిక వైద్యుల దగ్గర. టైం పడ్తది. తిండి కాడ కొట్లాడకుండ్రి, కాపలా కాయకుండ్రి. ఎవరి తప్పూ లేదు."

ఆమె వెళ్లిపోయింది. సెలైన్ బొట్టు బొట్టుగా దిగుతోంది.

"బువ్వను ఎవరన్న కావాలని కక్కుకుంటరా?" అంది నర్సవ్వ. ఎవరినీ అడిగినట్టు లేదు. "గా బువ్వ కోసం నేను..." కోడలి వైపు తల ఎత్తింది. "గా ముసలోని కాడికి నేనే తీస్కపోతి గదనే. నేనే వీపు రాస్తి గద. గప్పుడు గూడ నా కొడుకు... గట్లనేనా?"

సహజ అత్త పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ గోడకు ఆనుకుని మంచం మీది మనిషిని చూస్తూ ఉండిపోయారు. అతను నిద్రపోతున్నాడో, నిద్ర నటిస్తున్నాడో ఇద్దరికీ తెలియదు.

నిజామాబాద్‌కు మొదటిసారి ముగ్గురూ వెళ్లారు. అక్కడి డాక్టరు పెద్దావిడ. అడిగినవాటికి చరణ్ అవును, కాదు, అంతే చెప్పాడు. మందులు రాసి, పదిహేను రోజులకోసారి రావాలంది. రెండోసారి నర్సవ్వ రాలేదు. "నేనుంటే నోరిప్పడు. మీరిద్దరే పోండ్రి," అంది.

బస్సు వర్నిలో ఆగింది. "నీళ్ల సీసా తెస్త," అని చరణ్ దిగాడు. సహజ కిటికీలోంచి చూస్తూనే ఉంది. దుకాణం దాకా వెళ్లాడు. దుకాణం దాటి వెళ్లాడు. కండక్టరు రైట్ అన్నాడు. "మా ఆయన దిగిండు, జర ఆపుండ్రి," అంది. ఆపారు. హారన్ కొట్టారు. ఫోన్ చేస్తే మోగుతోంది గాని ఎత్తడం లేదు. వెనక సీట్లవాళ్లు విసుక్కోవడం మొదలుపెట్టారు. అప్పుడు మెసేజ్ వచ్చింది. "నువ్వు పో. నాతోని కాదు."

దిగి వెతకాలా, ముందుకు పోవాలా? ఆమె తేల్చుకునేలోపే బస్సు కదిలింది. రుద్రూర్ దాటేదాకా ఏడుస్తూనే ఉంది. పక్క సీటు ముసలవ్వ కొంగు ముడి విప్పి ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

నిజామాబాద్‌లో డాక్టరు ఖాళీ కుర్చీ వైపు చూసి, "కూర్చోమ్మా. నీతోనే మాట్లాడుకుందాం," అంది. "నువ్వు సరిగ్గా తింటున్నవా?" అని అడిగింది. ఆ మాట సహజను ఈ మధ్య ఎవరూ అడగలేదు. తనకు ఎప్పుడు చివరగా ఆకలైందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు.

"ఆయనను బాగు చేసుడు నా చేతిల ఉన్నదా మేడం?" అంది.

"లేదమ్మా," అంది డాక్టరు. దాచకుండా అంది. "పక్కన ఉండుడు ఉన్నది. అది కూడా నీకు చేతనైనంత వరకే."

బస్సు బాన్సువాడ చేరేసరికి సాయంత్రమైంది. బస్టాండు బయట చరణ్ బండి మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. సహజ ఎదురుగా వచ్చి నిలబడింది. తిట్టడానికి వర్ని నుంచి కూడబెట్టుకున్న మాటలు మొదలుపెట్టేలోపే అతనే అడిగాడు.

"ఏమన్నది డాక్టరు?"

"మళ్ల రమ్మన్నది. నువ్వు రాకున్నా నన్ను రమ్మన్నది."

చరణ్ బండి హ్యాండిల్ మీద వేళ్లతో ఏదో గీకుతున్నాడు. చుట్టూ ఆటోలవాళ్లు ఊళ్ల పేర్లు అరుస్తున్నారు.

"నాకు ఆగుతలేదు సహజా," అన్నాడు. తల ఎత్తలేదు. "ఆపుదామనే అనుకుంట. రోజూ అనుకుంట. తినంగనే లోపల ఎవడో తరుముతడు. అది బయటికి పోయేదాక ఊపిరాడదు. గా ముసలోని కాడ... అమ్మకు నిజం చెప్పాల్సింది. నిన్ను గందరి ముందట నిలబెట్టిన."

ఏడాదిగా ఈ మాట కోసమే ఎదురుచూసింది సహజ. ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, మిగతాది తను చూసుకుంటానని అనుకునేది. ఒప్పుకున్నాడు. ఏం చూసుకోవాలో తెలియలేదు. బయట కక్కే మనిషినైతే చూసింది గాని, లోపల తరిమేవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి?

"మళ్లసారి వస్తవా?" అంది.

"చెప్పలేను. బస్సెక్కుత. దిగకుంట ఉంటనో లేదో..."

వస్తానని అబద్ధం ఆడనందుకు ఆమెకు కొంచెం నయమనిపించింది. బండి ఎక్కి వెనక కూర్చుంది. అతని నడుం పట్టుకుంటే అంగీ కింద ఎముకలు చేతికి తగిలాయి. చెయ్యి తీయలేదు. బండి బజారు దాటి గల్లీలోకి తిరిగింది. వాకిట్లో నర్సవ్వ చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. ఎప్పట్లా అన్నానికి రమ్మనకుండా కొడుకు మొహం, కోడలి మొహం మార్చి మార్చి చూసి, "మొహాలు కడుక్కోండ్రి," అని మాత్రం అంది.